డ్రైవరు దగ్గర అత్తయ్య చదువు

మా నాన్నకి ఒకే ఒక్క అక్క. ఇంట్లో అందరం ఆవిణ్ణి కామా అత్తయ్య అంటాం. ఎదురుగా మాత్రం అనం. ఎవరింటి నుంచి శుభలేఖ వచ్చినా ముందు కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీసి, ఇంగ్లీషు పేజీలో కామాలు దిద్దేది. ఒకసారి దిద్దిన శుభలేఖని పెళ్లివారికే తిరిగి పంపించింది. ఆ పెళ్లిలో మమ్మల్ని భోజనానికి లేవమన్నవాళ్లు లేరు.

ఇరవై ఎనిమిదేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని నేనొకసారి ధైర్యం చేసి అడిగాను. "చూడ్డానికి వచ్చినవాడు 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అన్నాడే. ఇంకేం చేసుకోను?" అంది.

యాభై మూడో ఏట, ఎవరితోనూ చెప్పకుండా, స్కూలు ఉద్యోగం మానేసి పరాయి దేశంలో పెద్దవాళ్లకి ఇంగ్లీషు నేర్పే పనికి దరఖాస్తు పెట్టింది. ఆ సంస్థని ఒక ప్రార్థనా మందిరం వాళ్లు నడుపుతారు. ఫోన్లో ఇంటర్వ్యూ చేసిన పాస్టరు గారు, "మీరు ప్రార్థన చేస్తారా అమ్మా?" అని అడిగారట.

"పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు చేస్తానండీ."

ఆయన నవ్వి, "మీది మా మతం కాకపోయినా ఇబ్బంది లేదు. మా పద్ధతి పాటిస్తే చాలు" అన్నారు.

"పద్ధతంటే నాకు ప్రాణం" అంది అత్తయ్య. ఆ పద్ధతేమిటో మాత్రం అడగలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అత్తయ్య వెళ్లి చేరిన బడిలో కింద ప్రార్థన హాలు, పైన మూడు గదులు. ఇనప మెట్లు, ఎవరెక్కినా పైవాళ్లకి ముందే తెలిసిపోతుంది. క్లాసులో బల్లలు ఒకప్పుడు చిన్నపిల్లల కోసం చేయించినవి. పెద్దవాళ్ల మోకాళ్లు వాటి కింద పట్టవు. అందుకని పదకొండుమందీ పక్కకి తిరిగి కూర్చునేవాళ్లు. అత్తయ్య బోర్డు దగ్గర నిలబడి పాఠం చెబుతుంటే క్లాసంతా ఏకగ్రీవంగా కిటికీ వైపు చూస్తుండేది.

మొదటిరోజు ఒక కుట్టుపని ఆవిడ ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఇంగ్లీషులో ఏదో అంది. ఆ ఇంగ్లీషు మన చెవికి ఎలా ఉంటుందో చెప్పాలంటే తెలుగులో ఇలా రాయాలి: "ఓ బోధకురాలా, ఆలస్యముగా వచ్చిన నన్ను తృణీకరింపక, లోపలికి చేర్చుకొనుము."

అత్తయ్య చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ముందు వరసలో ఉన్న పళ్ల డాక్టరుని, "మీ దగ్గరికి విదేశీయులు వస్తే ఏమంటారు?" అని అడిగింది. ఆయన లేచి ఎంతో వినయంగా, "నీ దంతము తొలగింపబడును. నీవు దుఃఖింపకుము అంటానండీ" అన్నాడు.

సంగతేమిటంటే, ఆ సంస్థ పెట్టిన పెద్దాయన నలభై ఏళ్ల కిందట ఒక ప్రార్థనల వాచకం రాశాడు. బీరువా నిండా మూడొందల కాపీలు. అక్కడ ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లంతా దాన్నే కంఠతా పట్టినవాళ్లు. ఆ బట్టీ వాక్యాల వ్యాకరణం శుభ్రంగా ఉంది, తప్పు పట్టడానికి వీల్లేదు. కాకపోతే వాళ్లు మాట్లాడేది ఏ బజారులోనూ ఎవరూ మాట్లాడని ఇంగ్లీషు. వెనక బల్ల మీద కూర్చునే బస్సు డ్రైవరు ఓ విదేశీ జంటతో, "ద్వారము తెరవబడెను, శాంతి సమాధానములతో దిగిపొండు" అన్నాడట. ఏం ముంచుకొచ్చిందోనని హడలిపోయి వాళ్లు రెండు స్టాపుల ముందే దిగిపోయారు.

అత్తయ్య సాయంత్రం పాస్టరు గారి గదికి వెళ్లింది. పొడుగ్గా, నెమ్మదిగా ఉండే మనిషి. కోటు జేబుల్లో ఎప్పుడూ సుద్దముక్కలే.

"ఈ పుస్తకం మార్చాలండీ."

"అది మా పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని రాసింది, అమ్మా."

"అందుకే కాబోలు, చదివినవాళ్లు కూడా లేచి నిలబడలేకపోతున్నారు."

ఆయన చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మొదటి అరగంట పుస్తకం, తర్వాతి గంట అత్తయ్య ఇష్టం.

అత్తయ్య తన గంటని ఫిర్యాదు చేయడం నేర్పడంతో మొదలుపెట్టింది. ఎందుకంటే ఆ పుస్తకంలో దండం పెట్టడానికీ, క్షమించమనడానికీ, అడుక్కోవడానికీ నూట పది వాక్యాలున్నాయి. ఇది బాగాలేదు అనడానికి ఒక్కటి కూడా లేదు. ఒక చెయ్యి కత్తిరించేసిన పాత చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టింది. తను దుకాణం మనిషి, కుట్టుపని ఆవిడ కొనుక్కున్న మనిషి.

ఆవిడ చొక్కా అందుకుని, అటూ ఇటూ తిప్పి, తలవంచుకుంది. "నన్ను క్షమించండి. నాకు రెండు చేతులున్నాయి."

"మీరెందుకమ్మా క్షమాపణ చెప్పడం? తప్పు నాది! తిట్టండి నన్ను!"

"మీ మీద కృప కలుగును గాక!" అంది ఆవిడ, తనకి తెలిసిన అతి ఘాటైన మాటగా.

క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ గది గోడలు అంత నవ్వు వినడం అదే మొదటిసారని పాస్టరు గారు తర్వాత చెప్పారు. ఆయన కింద హాల్లో ఉండి పైకప్పు కూలిందనుకున్నారట. రెండు నెలలయ్యేసరికి కుట్టుపని ఆవిడ ఒంటిచేతి చొక్కా అమ్మినవాణ్ణి ఇంగ్లీషులో ఏకిపారేసే స్థాయికి వచ్చింది.

అంతా బాగానే సాగుతుండగా సర్కారు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆర్నెల్లు మించి ఉండాలనుకునే విదేశీయులు ఆ దేశపు భాషలో మాట్లాడే పరీక్షకి కూర్చోవాలి. నలభై మార్కులు వస్తే ఉంటారు, రాకపోతే విమానం ఎక్కుతారు. గడువు తొమ్మిది వారాలు.

అప్పటికి అత్తయ్యకి ఆ భాషలో వచ్చినవి నాలుగు మాటలు. థాంక్స్, ఉల్లిపాయ, వద్దు, కుడివైపు. ఆ నాలుగోది నిజానికి ఎడమవైపు అని అదే వారంలో తెలిసింది. ఇన్నాళ్లూ మార్కెట్టుకి అంత చుట్టుతిరుగుడుగా ఎందుకు పోతోందో కూడా అప్పుడే తెలిసింది.

పాస్టరు గారు క్లాసులో ఉత్తరం చదివి, "మీ టీచరుకి ఎవరు నేర్పుతారు?" అని అడిగారు. వెనక బల్ల మీంచి ఒక్క చెయ్యి లేచింది. బస్సు డ్రైవరుది. పుస్తకంలో లేని వాక్యమైతే భూతకాలం భవిష్యత్తులో కలిపేసేవాడు. రోజుకి మూడుసార్లయినా అత్తయ్య చేత నిలబడి "పూర్తి వాక్యం, ప్లీజ్" అనిపించుకునేవాడు.

"నా బస్సు మధ్యాహ్నం చివరి స్టాపులో ఇరవై నిమిషాలు ఆగును... ఆగుతుంది" అన్నాడు.

మర్నాటి నుంచి అత్తయ్య డ్రైవరు వెనక సీట్లో కూర్చుని చివరి స్టాపు దాకా వెళ్లేది. జనమంతా దిగాక అతను ఇంజను ఆపి, అద్దం తనవైపు నుంచి ఆవిడ వైపు తిప్పుకుని పాఠం మొదలుపెట్టేవాడు. వెనక్కి తిరిగేవాడు కాదు. అద్దంలో రెండు కనుబొమలు మాత్రం కనిపించేవి.

మొదటిరోజు దాహమేసి, "నీళ్లు" అంది అత్తయ్య ఆ భాషలో, గర్వంగా.

"ఏ నీళ్లు? ఎవరికి నీళ్లు? పూర్తి వాక్యం, ప్లీజ్" అంది అద్దం.

"దాహమేస్తోందయ్యా బాబూ!" అంది అత్తయ్య తెలుగులో.

"నిలబడి చెప్పండి, టీచర్."

నిలబడింది. నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. ఆ ఆదివారం నాకు ఫోన్ చేసినప్పుడు ఆవిడ గొంతులో ఎప్పుడూ వినని మెత్తదనం విన్నాను.

"మాట నోట్లోనే ఉంటుందే. పెదాల దాకా వచ్చి వెనక్కి పోతుంది. చెవులు వేడెక్కిపోతాయి. అతనేమో మంచివాడే, కోపం లేదు. అయినా ఆ బస్సు దిగి పారిపోదామనిపించింది. నా పదో క్లాసులో ఒక అమ్మాయి ఉండేది, ఏడాదంతా నోరు విప్పలేదు. మొండిఘటం అనుకుని రోజూ నిలబెట్టాను. అది మొండితనం కాదే."

 

మర్నాడు క్లాసులో డ్రైవరు మళ్లీ భూతకాలం తప్పాడు. అత్తయ్య ఈసారి నిలబెట్టలేదు. "పర్వాలేదు, కూర్చునే చెప్పండి" అంది. అతను తికమకపడ్డాడు. రెండుసార్లు ప్రయత్నించి, చివరికి తనంతట తనే లేచి, "మన్నించండి టీచర్, నిలబడితేనే నాకు క్రియలు గుర్తొస్తాయి" అన్నాడు. ఎవరి సంగతి ఏమిటో అడిగి తెలుసుకోవాలి తప్ప ఊహించుకోకూడదని ఆవిడ డైరీలో రాసుకుంది. కామా పెట్టాల్సిన చోట పెట్టి మరీ.

తొమ్మిది వారాల్లో అత్తయ్య బాగానే నేర్చింది. కాకపోతే ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. అతనికి చేతనైన భాష బస్సు భాష. ఆవిడకి అబ్బింది కూడా అదే.

పరీక్ష గదిలో ఒక బల్ల, ఒక నీళ్ల జగ్గు, జలుబుతో ముక్కు ఎగబీలుస్తున్న ఒక ఆఫీసరమ్మ. పేరూ ఊరూ అడిగింది. అత్తయ్య చెప్పింది.

"మీరుండే ఇల్లు ఎలా ఉంటుందో చెప్పండి."

 అత్తయ్యకి ఇంటి గురించి ఏమీ గుర్తుకు రాలేదు. వచ్చిందే చెప్పింది. "మా ఇంటికి రెండు తలుపులు. ముందు తలుపులోంచి ఎక్కాలి. వెనక తలుపులోంచి దిగాలి."

ఆఫీసరమ్మ తలెత్తి చూసింది. "చుట్టాలొస్తే ఏమంటారు?"

"లోపలికి జరగండి. దారిలో నిలబడకండి. వెనక ఇంకా ఖాళీ ఉంది."

"వాళ్లు వెళ్లేటప్పుడు?"

"మీ సామాన్లు మర్చిపోకండి. బండి పూర్తిగా ఆగాకే దిగండి."

ఆఫీసరమ్మ రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. జలుబుకి కాదని భుజాలు చెప్పేస్తున్నాయి. పక్కగది గుమాస్తాని పిలిచి, "ఇంకోసారి చెప్పండమ్మా, చుట్టాలొస్తే?" అంది. అత్తయ్య ఇంకోసారి చెప్పింది. గుమాస్తా గోడ పట్టుకున్నాడు.

చివరికి కళ్లు తుడుచుకుంటూ ఆఫీసరమ్మ మార్కుల కాగితం ముందుకి తోసింది. ఉచ్చారణకి ఇన్ని, పదాలకి ఇన్ని, వ్యాకరణానికి ఇన్ని. కింద మొత్తం నలభై. పాసు.

దండం పెట్టి వచ్చేయాల్సింది. ఎవరైనా అదే చేస్తారు. కానీ ఇరవై ఎనిమిదేళ్లు మార్కులు కూడిన చెయ్యి ఊరుకుంటుందా? కళ్లజోడు పెట్టుకుంది. కూడింది. మళ్లీ కూడింది. ముప్పై తొమ్మిదే వస్తోంది.

ఒక్క నిమిషం, కాగితం మడిచి సంచీలో పెట్టేసుకుందామనిపించిందట. "నిజంగానే మడిచానే, సగం దాకా" అంది నాతో. తర్వాత విప్పి, బల్ల మీద పెట్టి, వేలు చూపించి, డ్రైవరు ఎప్పుడూ నేర్పని వాక్యం తనే కట్టుకుని చెప్పింది. "మేడమ్, మీరు ఈ మూడు అంకెల్ని కూడినప్పుడు ఒకటి ఎక్కువ వేశారు."

ఆఫీసరమ్మ కూడుకుంది. నవ్వు పోయింది. 

"ఇది తెలిసి కూడా ఎందుకు చెప్పారు?"

"నేను టీచర్ని" అంది అత్తయ్య. అంతకన్నా పెద్ద వాక్యం రాలేదు.

ఆఫీసరమ్మ పెన్ను తీసి, వ్యాకరణం దగ్గర ఉన్న అంకె కొట్టేసి, రెండు ఎక్కువ వేసింది. "ఇందాకటి వాక్యంలో ఒక్క తప్పు లేదు. అది నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు నలభై ఒకటి. కావాలంటే కూడుకోండి."

కూడుకుంది కూడా.

బయట చెట్టు కింద డ్రైవరు, కుట్టుపని ఆవిడ, పళ్ల డాక్టరు వరసగా నిలబడి ఉన్నారు. డ్రైవరు ఆ రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. జరిగింది విని తల పట్టుకున్నాడు. "ఎవరైనా చెప్తారా టీచర్! విమానం ఎక్కించేసేవాళ్లు!" అని ఇంగ్లీషులో అరిచాడు. అంత కోపంలోనూ కాలాలు సరిగ్గా వాడాడని అత్తయ్య గమనించింది. ఆ మాటే అతనికి చెప్పింది. అతను నవ్వలేక, కోప్పడలేక, పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఇది జరిగి ఏడేళ్లయింది. అత్తయ్య ఇంకా అక్కడే ఉంది. కొత్త వాచకం పాస్టరు గారూ తనూ కలిసి రాశారు. ప్రతి పాఠానికీ మొదట ఒక చిన్న ప్రార్థన ఉంటుంది, అది ఆయన పట్టుదల. ఆ ప్రార్థన మామూలు ఇంగ్లీషులో ఉంటుంది, అది ఈవిడ పట్టుదల. కామాల విషయంలో ఇద్దరికీ ఇప్పటికీ పడదు. పెద్ద బల్లలు వచ్చాయి, అందరూ బోర్డు వైపే చూస్తున్నారు. కిటికీలోంచి అంతా కనిపించేదని కొందరు బెంగపడ్డారట.

పోయిన నెల ఫోన్ చేసి, తెలుగు పెద్దబాలశిక్షలు నాలుగు పంపమంది.

"ఎవరికత్తయ్యా?"

"డ్రైవరుకీ, పళ్ల డాక్టరుకీ, కుట్టుపని ఆవిడకీ, పాస్టరు గారికీ. విసుగొచ్చినప్పుడు నాలో నేను తెలుగులో గొణుక్కుంటానట. ఏమంటున్నానో తెలుసుకోవాలట వాళ్లకి. శనివారం నుంచి క్లాసు."

"తెలిస్తే ప్రమాదం కాదూ?"

"అందుకే మొదటి నెలంతా ఒత్తుల మీదే ఉంచుతాను" అంది.