చిన్నమ్మకు చెప్పని రెండో గడ్డ

రెండో ఏడు పాథాలజీలో కేన్సర్ పాఠాలు మొదలయ్యేసరికి నాకు కాస్త పొగరు ఎక్కింది. మా ఇంట్లో మెడికల్ కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. హాస్టల్ గదిలో రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేసుకుని మరీ చదివాను. ఒక కణంలో, ఇక చాలు ఆగు అని చెప్పే జన్యువు చెడిపోతుంది. అది ఆగదు, దాని పిల్లలూ ఆగవు. చావాల్సిన వేళకు చావవు. తమకు కావలసిన రక్తనాళాలను తామే రప్పించుకుంటాయి. కొన్నాళ్లకు ఉన్నచోటు వదిలి పక్కనున్న లింఫు గ్రంథుల్లో దిగుతాయి. రొమ్ముకైతే ఆ గ్రంథులు చంకలో ఉంటాయి. పరీక్షలో దీనికి మంచి మార్కులే వచ్చాయి.

ఆ సెలవులకు ఇటిక్యాల దగ్గర మా ఊరికి వెళ్లాను. మా అమ్మ చెల్లెలు, చిన్నమ్మ, మా వెనకింట్లోనే ఉండేది. విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేలలో కూలికి పోయేది. సాయంత్రం మొగ్గల్లోని మగభాగం గిల్లేయాలి, తెల్లారి వేరే మొక్క పువ్వు తెచ్చి అంటించాలి. ఆ రోజుల్లో ఒక్క పూట మానడానికి వీల్లేదు. నేను వచ్చానని తెలిసి చేను నుంచి నేరుగా వచ్చి, తలుపు దగ్గరికేసి జాకెట్ హుక్కులు తీసింది.

"జర చూడు డాక్టరమ్మా. ఆర్నెల్ల సంది ఉన్నది. నొస్తలేదు."

నొప్పి లేదు కాబట్టి రోగం కాదని ఆమె నమ్మకం. కేన్సర్ గడ్డ మొదట్లో నొప్పి పెట్టదని చదివాను కాబట్టి ఆ మాటకే నాకు భయమేసింది. ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డ, గట్టిగా, కదలకుండా ఉంది. నేర్పినట్టే వేళ్లను చంకలోకి పోనిచ్చాను. అక్కడ ఇంకొకటి తగిలింది. చిన్నదే, కానీ అదీ గట్టిదే. నా బొమ్మల్లో బాణం గుర్తు వేసి చూపించిన దారిన అది అప్పటికే బయలుదేరింది.

"సూది పెట్టి జరంత తీసి చూడాలె చిన్నమ్మా" అన్నాను.

"సూది పెడితే ముదురుతదే. కెలికితే ఒళ్లంత పాకుతదంట. మా వాడల ఒకామె గట్లనే పోయింది."

మా వైపు ఈ మాట అనని ఇల్లు లేదు. జనం ముదిరాక దవాఖానకు పోతారు. అప్పుడు సూది పడుతుంది, ఆ తర్వాత మనిషి పోతుంది, నింద సూది మీద పడుతుంది. ఇది నాకు తెలుసు. కానీ అదంతా వివరించే ఓపిక లేకపోయింది. చంకలో గడ్డ సంగతి చెబితే బెదిరి అసలే రాదనుకున్నాను.

"ఇంకా యాడికీ పోలే చిన్నమ్మా, ఉన్నకాడనే ఉన్నది. సూదితోని ఏం గాదు. నాది పూచీ" అన్నాను.

నమ్మింది. గద్వాలలో సూది పరీక్ష చేయించాం, కేన్సరే అని తేలింది. ఆపరేషన్‌కు, మందులకు పట్నం తిరిగాం. జుట్టంతా ఊడింది. ఏడాది తిరిగేసరికి నడుము నొప్పి మొదలైంది, కేన్సర్ వెన్నెముకలోకి దిగింది. తర్వాత కాలేయానికి పాకి కళ్లు పచ్చబడ్డాయి. చివరి వారంలో ఆమె కూతురితో పాటు నేనూ పక్కన కూర్చుంటే, "యాడికీ పోలేదంటివి కదనే" అంది. నిందించడానికి కాదు, తెలియక అడిగింది. నేను సెలైన్ సర్దుతున్నట్టు నటించాను. ఆ పిరికితనానికి నాకు ఇప్పటికీ సిగ్గు.

"సూది పెట్టేదాక మంచిగనే ఉండె" అని దినాల నాడు అందరూ అన్నారు. మా అమ్మ కూడా అంది. నేను పక్కకు రాగానే మాట మార్చారు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో మెడికల్ కాలేజీ పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను. సూది పరీక్షకు భయపడి ఆలస్యం చేయడమే ప్రాణం తీస్తుందంటాను. వాళ్లు రాసుకుంటారు. తల్లికి చిన్న వయసులో వస్తే కూతుళ్లను ముందు నుంచీ చూస్తుండాలని కూడా చెబుతాను. చిన్నమ్మ కూతుర్ని మాత్రం ఇన్నేళ్లూ చూడలేదు. మొహం చెల్లలేదు.

పోయిన నెల అమ్మ ఫోన్ చేసింది, చిన్నమ్మ కూతురికి, నా చెల్లెకు కూడా గడ్డ ఉందని. ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

"చూడు గాని అక్కా, సూది మాట ఎత్తకు" అంది చెల్లె.

చూశాను. శనగగింజంత ఉంది. చంకలో మూడుసార్లు వెతికాను, మెడ కింద వెతికాను. ఏమీ తగల్లేదు.  అప్పుడు దాచిందంతా చెప్పేశాను.

"మీ అమ్మకు సూది పెట్టకముందే చంకల ఉండెనే. నాకు తెలుసు. భయపడతదని దాచిన. నీకు గట్ల లేదు. ఇంకా యాడికీ పోలే. ఇప్పుడే పరీక్ష చేపిస్తే బతుకుతవ్."

 

"మా అమ్మకు గూడ గిదే చెప్పినవ్ గదక్కా" అని చెల్లె హుక్కులు పెట్టుకుంది.