బట్టీ దూదితో కుట్టిన దిండు

మాది ఈపూరు దగ్గర పల్లె. నేను చదివింది మూడో తరగతి. పోయిన వేసవిలో చిన్న మనవరాలు శ్రావణి కుండలు కాల్చడానికి పెరట్లో బట్టీ కట్టింది. పాత ఇనుప డ్రమ్ము లోపల, వేడి బయటికి పోకుండా, దూది పరుపులాంటి తెల్లటిదేదో అంటించింది. దాని మీద బంకమట్టి పూయాలంది.

"దూదికి మట్టి పూతేందే, దండగ!" అన్నాను.

కత్తిరించగా మిగిలిన ముక్కలు మూలన పడున్నాయి. పత్తి పండించే ఇంటిదాన్ని, దూది పారేయడం నా చేత కాదు. వాటిని చిదిపి, పాత చీరగుడ్డలో కూరి, పురిటికి వచ్చిన పెద్ద మనవరాలి బాబుకు దిండు కుట్టాను. చేతులు ఒకటే దురద. పొద్దున మిరపకాయలకు తొడిమలు తీశాను కదా, ఆ మంటే అనుకున్నాను.

దిండు ఉయ్యాలలో వేసి బాబును పడుకోబెట్టబోతుంటే శ్రావణి వచ్చింది. దిండు చూసి గభాలున లాగేసింది.

"అది దూది కాదు నాయనమ్మా! గాజునూగు లాంటిది, ఊపిరితిత్తుల్లోకి పోద్ది. నేను మాస్కు ఎందుకు పెట్టుకున్నాననుకున్నావ్? ఆ నూగు లేవకుండా ఉండాలనే మట్టి పూసేది."

"ముందే చెప్పి చావొచ్చుగా!" అన్నాను. బాబు తల ఇంకా నా మోచేతి మీదే ఉంది.

తెలియని వస్తువును అడిగి ముట్టుకోవాలని ఈ వయసులో తెలిసింది. మర్నాడు నేనూ మాస్కు కట్టుకుని, డ్రమ్ములో ఒక్క పోగు కనబడకుండా మట్టి పూశాను.

"పలచగా చాల్లే నాయనమ్మా, మట్టి దండగ" అంది శ్రావణి.

నేను ఇంకో దోసెడు కలిపాను.