బెల్లం వారి అమ్మగారి మొహం

ఇప్పుడంటే చోడవరంలో ప్రతి జేబులోనూ ఫొటోలు తీసే ఫోనుంది గానీ, నేను గుమాస్తాగా చేరిన కొత్తలో, అంటే డెబ్భైల మొదట్లో, మా ఊళ్ళో మనిషి మొహం కాగితం మీదికి ఎక్కాలంటే రెండే దార్లుండేవి. అనకాపల్లి వెళ్ళి స్టూడియోలో తెర ముందు ఊపిరి బిగబట్టి నిలబడడం ఒకటి. రెండోది నేను. (రెండో దారి చవక. కాకపోతే మనిషి మనిషిలాగే వస్తాడన్న పూచీ ఉండేది కాదు.) సాయంత్రం ఆఫీసు వదలగానే పెన్సిలూ, అట్టా పట్టుకుని బస్టాండులో కూర్చునేవాణ్ణి. దేవరాపల్లి బస్సు కోసం కాచుకున్న మనిషి రెండు గంటలైనా కదలడు. పారిస్‌లో కూడా అంత నిలకడైన మోడళ్ళు దొరకరని నా గట్టి నమ్మకం. పారిస్ ఎటువైపుందో మాత్రం నాకు తెలీదు. జుట్టు పెంచేను. జుబ్బా కుట్టించేను. భుజానికి గుడ్డసంచి ఒకటి తగిలించేను. మా నాన్న నన్ను ఎగాదిగా చూసి, "ఏట్రా, ఆఫీసులో జేరేవా, అడుక్కోడంలో జేరేవా?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండా వెళ్ళిపోయేడు.

ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి విశాఖపట్నం పోయేవాణ్ణి. అక్కడ ఒక మేడమీద గదిలో చిత్రకారుల బృందం ఒకటి సమావేశమయ్యేది. దాని పేరు రాయను, ఉన్న ఆరుగురిలో ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు. అధ్యక్షుణ్ణి అందరూ సముద్రం గారనేవారు. ఆయన జీవితమంతా సముద్రం తప్ప ఇంకోటి వెయ్యలేదు. అదీ కిటికీలు మూసుకుని వేసేవాడు, గాలికి ఇసక కొట్టుకొచ్చి రంగుకి అంటుకుంటుందని. కార్యదర్శి పేరు భావం గారు. ఏ బొమ్మ చూపించినా, "అంతా బాగానే ఉంది, ఇందులో భావం ఏదీ?" అనేవాడు. బొమ్మలు ఆయన వేసేవాడు కాదు, వేస్తే ఆ ప్రశ్న తనకే వస్తుందని కాబోలు. వీళ్ళిద్దరి సిద్ధాంతం ఒకటే. మనిషిని మనిషిలాగే గియ్యడం ఫొటో తీసేవాడి పని, కళాకారుడు పోలికని జయించాలి. ఈ మాట విన్నరోజున నాకు కలిగిన ఆనందం చెప్పలేను. ఎవర్ని గీసినా వాళ్ళలా రాకపోవడం అప్పటిదాకా నా లోపమనుకునేవాణ్ణి. అది ఆధునికత అని విశాఖపట్నంలో తెలిసింది.

నా ఆధునికత అలా వర్ధిల్లుతూ ఉండగా ఒకరోజు బెల్లం వారింటి నుంచి కబురొచ్చింది. బెల్లం వారంటే ఇంటిపేరు కాదు, వాళ్ళ వ్యాపారం. వడ్డాది రోడ్డు మీద పెద్ద కొట్టు. ఆ ఇంటి పెద్దాయన మాటకి మా ఆఫీసులో కూడా విలువుండేది. (మా ఆఫీసరు ఇంట్లో పరమాన్నం వండేది ఆ బెల్లంతోనే.) వాళ్ళమ్మగారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకంనాటికి దండెయ్యడానికి పటం కావాలి.

"ఏటి బాబూ, బస్టాండులో బొమ్మలేసీది నువ్వేనా?" అన్నాడు పెద్దాయన, వాలుకుర్చీ చేతుల మీద కాళ్ళు బారజాపుకుని. "మా అమ్మ బొమ్మ ఎయ్యాల."

"ఫొటో ఉందాండీ?"

"ఫొటో ఉంటే నీకెందుకు కబురెడతాం?"

నిజమే. ఆ మహాతల్లి బతికుండగా ఒక్క ఫొటో తియ్యనివ్వలేదట. ఓసారి అనకాపల్లి నుంచి ఫొటోగ్రాఫరు పెట్టెతో సహా వస్తే, వీధరుగు మీద నుంచే పంపేసిందట. "నా మొగం నాకు తెలుసు. నా పిల్లలకి తెలుసు. ఇంకెవడికి సూపించాల?" అందట. పిల్లలకి తెలుసన్న మాట ఎంత పొరపాటో నాకు ఆ ఇంట్లో కూర్చున్న మూడురోజుల్లోనూ తెలిసొచ్చింది.

"మా అమ్మది పొడుగు ముక్కు. ఇలాటిది" అని పెద్దాయన తన ముక్కు పట్టుకుని చూపించేడు.

"నీది నాన్న ముక్కు అన్నయ్యా" అన్నాడు రెండో కొడుకు, చుట్ట తీసి పక్కన పెడుతూ. "అమ్మది ఇదిగో, నాది. కళ్ళు కూడా నాయే."

బుచ్చయ్యపేటలో ఇచ్చిన కూతురు ఈ పనికోసమే వచ్చింది. "మీ ఇద్దరివీ కావు. అమ్మ పోలికంతా నాదేనని ఊరు ఊరంతా అంటాది. అమ్మ నాలాగే మెత్తటిది" అంది.

"ఎవరూ?" అన్నాడు రెండో ఆయన.

ఆ తరవాత కాసేపు నేను గది బయట నిలబడవలసి వచ్చింది. లోపలికి పిలిచేక పెద్దాయన ముక్కూ, రెండో ఆయన కళ్ళూ, కూతురి గెడ్డం కలిపి ఒక మొహం తయారుచేసేను. చూస్తే రెండో ఆయన చీర కట్టుకున్నట్టుంది. చెరిపేను. మర్నాడు మళ్ళీ గీసేను. ఈసారి మీసం తీసేసుకున్న పెద్దాయనలా వచ్చింది. రబ్బరు అయిపోయింది. పోలికని జయించమని చెప్పిన మా సముద్రం గారు ఒక్కసారి ఆ ఇంట్లో కూర్చుంటే బాగుణ్ణనిపించింది.

మూడోరోజు ముగ్గురూ అలిసిపోయి తలో పక్కకీ వెళ్ళేక, ఆ ఇంటి పెద్దకోడలు తలుపు దగ్గరకొచ్చి, "బాబూ, ఇలా వంటింటి వసారాలోకొచ్చి మజ్జిగ తాగు" అంది. యాభై దాటిన మనిషి. మూడురోజులూ ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు. మజ్జిగ గ్లాసు నాకిచ్చి, కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరుగుతూ, తలెత్తకుండానే మొదలెట్టింది.

"నుదురు అంత ఎడల్పు కాదు. జుట్టు ఇక్కడిదాకా ఉండీది. బుగ్గలు లోపలికి పోనాయి, ఆకరికి కాదు, మొదట్నుంచీ అంతే. ఎడంకనుబొమ కుడిదానికన్నా రవ్వ పైకి లెగిసీది. ఎప్పుడూ కాదు, ముద్ద నోట్లో ఎట్టుకున్నాక. కూర బాగున్నాదో లేదో ఆవిడ నోటితో సెప్పీది కాదు, ఆ బొమతో సెప్పీది. ముప్పయ్యేళ్ళు నాను ఆ బొమ సూసే వండేను."

"అంటే, కోపమాండీ?"

"కోపం కాదు బాబూ. అనుమానం. దేవుడొచ్చి పెసాదం ఎట్టినా, పాకం సూసి గానీ నోట్లో ఏసుకునీ మడిసి కాదు."

నేను గ్లాసు కింద పెట్టేను. ఆవిడ చెబుతోంది, నేను గీస్తున్నాను. ముక్కు ఇంకా చిన్నది చెయ్యమంది. పై పెదవి సన్నం చెయ్యమంది. చెవి దగ్గర పుట్టుమచ్చ ఉండేదట, కన్నపిల్లలు ముగ్గురికీ గుర్తులేదు. అరగంట పట్టిందేమో. నా చెయ్యి నేను చెప్పినట్టు వినడం నా జన్మలో అదే మొదలు. పూర్తయ్యేక అట్ట ఆవిడ వైపు తిప్పేను. ఆవిడ చెయ్యి వంకాయ మీద ఆగిపోయింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"ఇంక సాలు బాబూ" అంది కాసేపటికి. "ఇంకో గీత గీసేవంటే పేరెట్టి పిలుస్తాది."

ముందుగదిలోకి పట్టుకెళ్ళి చూపించేను. పెద్దాయన కుర్చీ మీద జాపిన కాళ్ళు నెమ్మదిగా కిందకి దించేడు. రెండో ఆయన చుట్ట ఆర్పేసేడు. కూతురు ఏడుపు మొదలెట్టి, బొమ్మ వంక మరోసారి చూసి, మానేసింది. నేను జుట్టు వెనక్కి తోసుకుని నిలబడ్డాను.

"బాగానే ఉంది గానీ బాబూ" అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి, "ఇది గోడకెట్టుకోలేం. దీని కింద కూకుని నాను అన్నం తిన్లేను. నవ్వేటట్టు ఇంకోటి ఎయ్యి."

"మీ అమ్మగారు నవ్వేవారాండీ?"

"ఏస్తే నవ్వుతాది" అన్నాడు.

అసలైన కళాకారుడైతే అక్కడ సంచీ భుజాన్నేసుకుని బయటికి నడవాలి. నేను ఇంకో కాగితం తీసేను. మా ఇంట్లో కేలెండరు మీద ఉన్న లక్ష్మీదేవిని తలుచుకుని, కిరీటం తీసేసి, జుట్టు నెరిపించి, పెదాల మీద ఓ నవ్వు పెట్టేను. పదిహేను నిమిషాల పని. ముగ్గురూ ఒక్కసారే, "ఇదీ అమ్మంటే" అన్నారు. కూతురు ఈసారి తృప్తిగా ఏడ్చింది. నాకో బెల్లం దిమ్మా, జరీ అంచు పంచా పెట్టి పంపేరు. గుమ్మం దాకా వచ్చి పెద్దాయన, "ఆ మొదటిది సింపియ్యి బాబూ. మా అమ్మని పదిమందికీ సూపించకు" అన్నాడు. అలాగేనండి అన్నాను. అడక్కుండానే నెత్తి మీద చెయ్యేసుకుని కూడా అన్నాను.

చింపలేదు. రెండు నెలల్లో విశాఖపట్నంలో మా బృందం ప్రదర్శన. మనిషికి అయిదు బొమ్మలన్నారు. ఎవరికీ పోలని మొహాలు నాలుగున్నాయి నా దగ్గర. అయిదోదిగా ఆవిణ్ణి సంచీలో పెట్టుకుని బస్సెక్కేను.

సముద్రం గారు దాన్ని చాలాసేపు చూసి పెదవి విరిచేడు. "ఇది అచ్చం ఆవిడలాగే ఉందయ్యా" అన్నాడు.

"ఆవిడ మీకు తెలుసాండీ?"

"తెలీదు. కానీ అలాగే ఉంది. ఇంత పోలిక మంచిది కాదు."

భావం గారు, "ముసలావిడ చూస్తోంది. చూస్తే? భావం ఏదీ?" అన్నాడు. అంటూనే బొమ్మకి ఎదురుగా ఉన్నవాడు కాస్తా పక్కకి జరిగేడు. చివరికి దానికి 'నిరీక్షణ-3' అని పేరు పెట్టి (ఒకటీ రెండూ ఎవరూ ఎప్పుడూ వెయ్యలేదు) తలుపు వెనక, మంచినీళ్ళ కుండ పక్కన తగిలించేరు. మిగతా గోడలన్నీ అధ్యక్షుల వారి సముద్రాలు. ప్రదర్శన మూడురోజులూ నేనొక విచిత్రం గమనించేను. నీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళు బొమ్మ వంక ఓసారి చూసి, గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళేవారు.

నేను చోడవరంలో కనపడ్డవాడికల్లా ఆహ్వానం కార్డు ఇచ్చేను, ఎవరూ రారన్న ధైర్యంతో. బెల్లం వారి కొట్లో కూడా ఒకటి పడేసేను. ఆఖరిరోజు మధ్యాహ్నం, పత్రిక ఆయన వస్తాడని అందరం మెట్ల వంక చూస్తూ ఉండగా, ఆ మెట్లెక్కి బెల్లం వారి పెద్దకోడలు వచ్చింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుంది. నేను గబగబా ఎదురెళ్ళేను.

"కళ్ళ డాట్రు కాడికొచ్చేం బాబూ. కార్డులో ఏసిన ఈది పేరూ, ఈ ఈదీ ఒకటే" అంది.

"మీవారో?"

"కింద సోడా కొట్టుకాడ కూకున్నారు. మోకాళ్ళు కదా, మెట్లెక్కలేరు."

ఆ మోకాళ్ళకి మనసులోనే దణ్ణం పెట్టేను. ఆవిడ గోడ వెంబడి నడుస్తూ, "ఇయ్యేటి బాబూ?" అంది.

"సముద్రాలండి."

"ఇన్నా?"

నేనెంత అడ్డం నిలబడ్డా తలుపు వెనక్కి రానే వచ్చింది. చూసింది. "చింపేద్దామనే అనుకున్నానండి, ఇంతలో..." అని ఏదో మొదలెట్టేను. ఆవిడ వినలేదు. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఓ కుర్సీ ఎయ్యి బాబూ" అంది.

తెచ్చి వేసేను. ఆవిడ బొమ్మకి ఎదురుగా కూర్చుంది. మొదట అంచు మీద, తరవాత వెనక్కి జారబడి, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద వేసుకుని. "ఈవిడ ఎదర నాను కుర్సీలో కూకోడం ఇదే" అంది నాతో. తరవాత నాతో కాదు, మామూలు గొంతుతో, పొద్దున ఆపిన మాట సాయంత్రం అందుకున్నట్టు, "మీ పెద్దమనవడికి పెళ్ళి కుదిరిందత్తా. గుంట మంచిదే. నాను సూసిన సంబంధమే" అంది.

సరిగ్గా అప్పుడు భావం గారు గుమ్మంలోంచి కేకేసేడు, పత్రిక ఆయన వచ్చేడని. నేను పరిగెత్తేను. కిందికెళ్ళి ఆయనకి టీ పట్టుకొచ్చేను. పోలిక లేని నా బొమ్మలు నాలుగూ చూపించేను. నా పేరు రెండుసార్లు, వత్తులతో సహా విడమరిచి చెప్పేను. ఆయన రాసుకున్నట్టే కనపడ్డాడు. తిరిగి తలుపు వెనక్కి వెళ్ళేసరికి కుర్చీ ఖాళీగా ఉంది, గోడకి ఆనించి సర్ది పెట్టి ఉంది. ఆవిడ ఎంతసేపు కూర్చుందో, అత్తగారితో ఇంకేం చెప్పుకుందో నాకు తెలీదు. పెద్దాయనతో మాత్రం ఏమీ చెప్పలేదు. ఆ తరవాత ఎన్నోసార్లు కొట్టు దగ్గర ఎదురుపడ్డాడు, అయినా నా ఉద్యోగం ఊడలేదు.

రెండురోజుల తరవాత పత్రికలో పడింది. అధ్యక్షుల వారి సముద్రాల మీద పది పంక్తులు, కార్యదర్శి ఉపన్యాసం మీద ఆరు, చివర్న "మరికొందరి చిత్రాలు కూడా ప్రదర్శించబడినవి" అని ఒకటి. ఆ మరికొందరిలో నేనున్నాను. ఆ కాగితం ముక్క కత్తిరించి, నెల్లాళ్ళు జేబులో పెట్టుకుని చోడవరమంతా చూపించేను.

ఇప్పుడు తల్చుకుంటే, జుబ్బా ఎగరేసుకుంటూ గుమ్మం వైపు పరిగెడుతున్న ఆ గుంటణ్ణి చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది. ఒరే, ఎక్కడికిరా, నీ బొమ్మ చూడ్డానికొచ్చిన మనిషి ఒక్కర్తీ ఇక్కడే కూర్చునుంది, కాస్త నిలబడు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదు లెండి. పత్రిక ఆయన టీ చల్లారిపోతోందని, నన్నే పక్కకి తోసుకుని వెళ్ళిపోయుండేవాడు.