లాభం నుంచి పది దాకా

కర్నూలు కాలేజీలో భాషల చరిత్ర చెప్పడం నా పని. ఆ ఉదయం చెప్పాల్సిన పాఠం తొమ్మిది గురించి. సంస్కృతంలో నవ, హిందీలో నౌ, ఇంగ్లీషులో నైన్. అన్నీ నకారంతోనే మొదలవుతాయి. రష్యన్ల పూర్వీకులు మాట్లాడిన ఆదిస్లావిక్ భాషలో మాత్రం ఆ నకారం దకారమైపోయింది. రష్యన్‌లో ఇప్పటికీ దేవ్యత్. వెంటనే వచ్చే పది దేస్యత్ కదా, వరసగా లెక్కపెట్టే నాలుక దాని వైపు తొందరపడిందంటారు పండితులు. "మనం తొమ్మిదిని పొమ్మిది అన్నట్టన్నమాట" అని ఏటా పిల్లల్ని నవ్విస్తాను.

కాలేజీకి బయల్దేరే ముందు నాయనకు కాఫీ ఇచ్చాను. గ్లాసు ఆయన చేతిలోంచి జారిపోయింది. చూస్తే మూతి ఒక పక్కకు లాక్కుపోయి ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆస్పత్రి చేరేదాకా ఆటోలో ఆయన చెయ్యి వదల్లేదు.

అక్కడి డాక్టరు మా సీమ మనిషి కాడు. "పెద్దాయనా, ఒకటి నుంచి పది దాకా చెప్పండి" అన్నాడు.

నాయన గొంతు సవరించుకున్నాడు. "లాభం... రెండు... మూడు..."

డాక్టరు నర్సు వైపు చూసి, "ఒకటే గుర్తు లేదా?" అన్నాడు.

భయంలో నాకు ఒళ్లు మండింది. "కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరండీ, లాభం అంటారు. మా ఊరు కోసిగిలో మా నాయన బతుకంతా అట్లే కొలిచాడు. ఆయన మతి శుభ్రంగా ఉంది!" అని గయ్యిమన్నాను.

"నాకు తెలీదు మేడమ్. మళ్లీ చెప్పించండి" అన్నాడు పాపం.

"ఆయప్పకేం తెలుసులేమ్మా" అంటూ నాయన నవ్వాడు. సగం మూతే నవ్వింది. మళ్లీ లాభంతో మొదలుపెట్టి మెల్లగా ఎనిమిది దాకా వచ్చాడు.

"పొమ్మిది... పది."

దేవుడా, ఏటా బోర్డు దగ్గర నేను నవ్వుతూ అనే మాట! మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"ఇదీ మీ వైపు వాడుకేనా మేడమ్?" అన్నాడు డాక్టరు, రాసేది ఆపి.

అవునంటే ఆ భయం అక్కడితో అయిపోతుందనిపించింది. నాయన నా మొహంలోకే చూస్తున్నాడు.

"సరిగ్గానే సెప్పినా కదమ్మా? ఏంది అట్ల సూస్తాండావు?"

ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"కాదు డాక్టర్" అన్నాను. "మా నాయన ఎప్పుడూ తొమ్మిది అనే అంటాడు."