నీళ్లని అడిగే బాబాయి

మా బాబాయి నీళ్లని తప్ప ఎవరినీ నమ్మడు. వాననీటి కాలువలు డిజైన్ చేసే ఇంజనీరు. పైపు ఎంత లావుండాలో ఒకసారి చేత్తో లెక్క కడతాడు, ఒకసారి సాఫ్ట్‌వేర్‌లో చూస్తాడు. రెండూ ఒకే మాట చెప్పినా, "ఉండండి, నీళ్లని అడిగొస్తా" అని బకెట్ పట్టుకుని వీధిన పడతాడు.

ఇంట్లోనూ అంతే. వంటింటి గట్టు వాటంగానే ఉందని మేస్త్రీ ఒట్టేసినా, చెంబుడు నీళ్లు పోసి చూశాడు. అవి తిన్నగా పిన్ని పిండిడబ్బా కిందికి పోయాయి.

"నీళ్లు అబద్ధం చెప్పవు" అన్నాడు.

"తుడిచేది కూడా అవి కావుగా!" అంది పిన్ని. అసలే తన పూలకుండీల కింది నాలుగు ఇటుకలు నిరుడు మాయమైనప్పటి నుంచి ఆవిడ మండిపడుతోంది. అనుమానం పక్కింటావిడ మీద.

ఈలోగా ఓ పల్లపు వీధికి కొత్త కాలువ మంజూరైంది. చిన్న పైపు చాలంది సాఫ్ట్‌వేర్. చాలదంది చేతిలెక్క.

"సార్, మీ పద్ధతి తాతల నాటిది" అన్నాడు ఆఫీసులో కుర్ర ఇంజనీరు.

"నాకంటే పెద్దది. మర్యాదగా మాట్లాడు" అని బాబాయి బకెట్ తీశాడు.

స్టాప్‌వాచ్ పట్టుకోవడానికి నన్ను లాక్కెళ్లాడు. పరాయి గుమ్మంలో మంచినీళ్లడగడానికే సిగ్గుపడే దాన్ని నేను.

"అమ్మా, మీ పెరట్లో ఓ బకెట్ నీళ్లు పోయొచ్చా?" అన్నాడు బాబాయి మొదటి గుమ్మంలోనే.

"నాలుగు పోయండి. అలాగే ఆ అంట్లు కూడా తోమి పెట్టండి!" అంది ఆ ఇల్లాలు.

పదకొండు పెరళ్లలో పోశాం. సాఫ్ట్‌వేర్‌కిచ్చిన పాత మ్యాపులో అన్నీ మట్టి పెరళ్లే, నీళ్లు తాగేవే. తీరా చూస్తే తొమ్మిదింటికి సిమెంటు. పోసిన నీళ్లు పోసినట్టే వీధిలోకి, అక్కణ్నుంచి చివరి పల్లంలో ఉన్న దర్జీ ఇంటివైపు పరుగెత్తాయి. నిరుడు వరద లోపలికొచ్చి మిషను మోటారు కాలిపోతే ఆవిడకి నెల్లాళ్లు పని లేదట. ఇంకోసారి తడిస్తే కొట్టు మూసేయడమే.

కుర్ర ఇంజనీరు తల గోక్కుని, మ్యాపులో మట్టిని సిమెంటుగా మార్చాడు. సాఫ్ట్‌వేరూ పెద్ద పైపే అడిగింది.

"పాపం, దాన్నేమీ అనకు. దానికి ఎవరూ పెరళ్లు చూపించలేదు" అన్నాడు బాబాయి.

పైపులు వేశాక వచ్చిన మొదటి పెద్దవానకి, గొడుగూ బకెట్టూ పట్టుకుని ఇద్దరం వెళ్లాం. దర్జీ గడప పొడిగా ఉంది. లోపల మిషను టకటకలాడుతోంది.

"అన్నయ్యా, మిషను నేల మీదికి దించేశాను" అందావిడ. "నిరుడు మీరు తెచ్చి దాని కాళ్ల కింద పెట్టిన ఇటుకలు ఇవిగో."

బాబాయి నావైపు చూడకుండా వాటిని బకెట్లో వేసుకున్నాడు.

ఇంటికి రాగానే పిన్ని బకెట్లోకి తొంగిచూసింది. "ఇవి నా కుండీల కిందివి కదూ?"

"ఏమో" అన్నాడు బాబాయి, గొడుగు దులుపుకుంటూ. "నీళ్లని అడగాలి."