వైర్‌లెస్ గదికి రాసిన స్క్రిప్టు

మూడేళ్ల కిందటి మాట. తెనాలిలో మా ఇంటి ముందు గదిలో చూపు లేనివాళ్లకు కంప్యూటర్ నేర్పుతుంటాను. నేర్పడం సగం పని. మిగతా సగం స్క్రీన్ రీడర్‌కి స్క్రిప్టులు రాయడం. స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. వెబ్ పేజీలో కనిపించే ప్రతి బటన్నీ, బొమ్మనీ, గడినీ ఎలిమెంట్ అంటారు. పేజీ తయారుచేసినవాళ్లు దానికొక పేరు, అంటే లేబుల్, పెడితే రీడర్ ఆ పేరు చదువుతుంది. పెట్టకపోతే "బటన్, బటన్, గ్రాఫిక్, గ్రాఫిక్" అని వాగుతూ కూర్చుంటుంది. చాలామంది పెట్టరు మహానుభావులు. అలాంటి పేజీల్లో ఎక్కడ వెతకాలో, ఏది చదవాలో రీడర్‌కి చెప్పే చిన్న కోడే స్క్రిప్టు.

ఏడుకొండలు గారు నా దగ్గరికి వచ్చింది అలాంటి పేజీ కోసమే. నిజాంపట్నం రేవులో చాలాకాలం బోటు నడిపే సరంగుగా చేశారు. షుగరు ముదిరి రెండు కళ్లూ పోయాయి. గొంతు వింటే మనిషిని పోల్చుకుంటారనీ, సముద్రం తెలిసినవారనీ బోట్ల యజమానులు ఆయన్ని రేవులో వైర్‌లెస్ గదిలో కూర్చోబెట్టారు. ఏ బోటు ఎక్కడుందో కనుక్కోవడం, ఇళ్లవాళ్లు వచ్చి అడిగితే చెప్పడం ఆయన పని. తర్వాత బోట్లకి ట్రాన్స్‌పాండర్లు బిగించారు. అవి పంపే సంకేతాన్ని బట్టి బోట్లన్నీ ఒక వెబ్ పేజీలో మ్యాపు మీద చుక్కలుగా కనిపిస్తాయి. ఆకుపచ్చ చుక్కంటే ఒడ్డున ఉన్నట్టు, పసుపంటే సముద్రంలో ఉన్నట్టు, ఎరుపంటే ఆపదలో ఉన్నట్టు. చుక్క మీదికి మౌస్ తీసుకెళ్తే బోటు పేరూ, ఆఫీసువాళ్లు టైపు చేసిన కబురూ ఒక చిన్న పెట్టెలో తెరుచుకుంటాయి. చూపున్నవాళ్లకి బ్రహ్మాండం. ఏడుకొండలు గారి రీడర్‌కి మాత్రం రేవులోని బోట్లన్నీ "గ్రాఫిక్, గ్రాఫిక్".

"ఆడవాళ్లొచ్చి మా బోటెక్కడుంది అంటే నేనేం చెప్పాలమ్మా? చుక్కలున్నాయంట అని చెప్పనా?" అన్నారు. ఆయన పక్కన తమ్ముడు నాగేశ్వరరావు భార్య తిరుపతమ్మ కూర్చునుంది. రేవు నుంచి ఆటోలో రేపల్లెకీ, అక్కడి నుంచి రైల్లో తెనాలికీ ఆయన్ని తీసుకొచ్చింది ఆమే. "మా ఆయన బోటు కూడా అందులోనే ఉందండి. మా బావగారు చెప్తేనే మాకు నిద్ర" అంది.

ముందు బాపట్ల వెళ్లి ఆ పేజీ చూసుకునే ఆఫీసులో అడిగాను. ప్రతి చుక్కకీ లేబుల్ పెట్టండి బాబూ, పెద్ద పనేం కాదు అని. అక్కడి కుర్రాడు మర్యాదగానే విన్నాడు. "పెడదాం మేడం. అయినా మ్యాపంటేనే చూసేది కదండీ?" అన్నాడు. ఒళ్లు మండింది. చూడలేనివాళ్ల ఇళ్ల మనుషులు కూడా సముద్రం మీదికి వెళ్తారు నాయనా అని చెప్పి వచ్చేశాను. పెడదాం అన్నది పెట్టలేదు. నేనే స్క్రిప్టు రాశాను.

ఆ చుక్కల వెనక ఉన్న కోడు తవ్వితే బోటు పేరు, రంగు, ఆఖరి సంకేతం వచ్చిన సమయం, కబురు అన్నీ అక్కడే ఉన్నాయి. వాటిని వరసగా పేర్చి, బాణం గుర్తు మీట నొక్కితే ఒక్కో బోటు గురించీ చదివేలా చేశాను. ఆకుపచ్చకి "ఒడ్డున", పసుపుకి "సముద్రంలో", ఎరుపుకి "ఆపద" అని రంగుల్ని మాటలుగా మార్చాను. రేవుకి వెళ్లి బిగించిన రోజున ఆయన ముఖం చూడాలి! బోటు బోటుకీ "ఆఁ, ఉన్నాడు... వీడూ ఉన్నాడు" అనుకుంటూ తల ఊపారు.

నాకు ఉత్సాహం ఆగలేదు. పేజీలో మార్పు వచ్చిన క్షణంలో రీడర్ తనంతట తానే పలికేలా చెయ్యొచ్చు. గదికి స్పీకరు కూడా ఉంది. వరండాలో కూర్చున్న వాళ్లందరికీ ఒకేసారి వినిపిస్తుంది, మీకు పదిమందికి పదిసార్లు చెప్పే బాధ తప్పుతుంది అన్నాను.

"వద్దమ్మా. హెడ్‌ఫోన్ చాలు."

"ఎందుకండీ? మంచి సదుపాయం కదా?"

"ముందు నేను వినాలమ్మా. నేను మీట నొక్కితేనే అది మాట్లాడాలి."

పెద్దాయనకి పెత్తనం మీద మక్కువేమో అనుకున్నాను. కబురంతా తన నోటి నుంచే వెళ్లాలన్న పట్టుదల రేవుల్లో, ఆఫీసుల్లో, ఇళ్లల్లో చాలామందిలో చూశాను కదా. సరే, ఆయన పని ఆయనిష్టం అని మూతి ముడుచుకుని, అడిగినట్టే చేసిచ్చాను.

వానలు వెనక్కి వెళ్లే రోజుల్లో అల్పపీడనం పట్టింది. బోట్లన్నిటినీ వెనక్కి రమ్మన్నారు. పొద్దున్నే ఏడుకొండలు గారి నుంచి ఫోను. "అమ్మా, స్క్రిప్టు నోరు మెదపటంలేదు. వైర్‌లెస్‌లో గరగర తప్ప ఏం లేదు. ఆడవాళ్లంతా వచ్చేశారు." బాపట్లవాళ్లు పేజీ మార్చి ఉంటారనుకున్నాను. ఎలిమెంట్ల పేర్లు మారితే స్క్రిప్టు పాత పేర్ల కోసం వెతికి, దొరక్క ఊరుకుంటుంది. ఉన్నపళంగా బయలుదేరాను. రేపల్లె దాటాక రోడ్డు మీద నీళ్లు. ఆటోవాడు "ఇంత వానలో రేవుకేంటి పనమ్మా?" అని గొణుగుతూనే తీసుకెళ్లాడు.

రేవులో వరండా నిండా ఆడవాళ్లు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. లోపల తిరుపతమ్మ బావగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చునుంది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కోడు తెరిచాను. అనుకున్నదే, పేర్లు మారాయి. సరిచేశాను. పనిచేస్తోందో లేదో నేను కూడా వినాలి కదా, హెడ్‌ఫోన్ వైరు పీకి స్పీకరు పెడదామని చెయ్యి చాచాను. ఏడుకొండలు గారు అలికిడిని బట్టి నా మణికట్టు పట్టుకున్నారు.

"వద్దమ్మా."

చిరాకేసింది. చెయ్యి వెనక్కి తీసుకుని, "అయితే మీరే వినండి" అన్నాను. ఆయన మీట నొక్కుతూ పోయారు. ఒక్కో బోటు పేరూ విని, ఆ ఇంటి మనిషిని పేరుపెట్టి పిలిచి చెప్పారు. "ఒడ్డుకొచ్చేసింది లక్ష్మీ." "మీవాళ్లు దారిలో ఉన్నారే, గంటలో వస్తారు." వరండాలో ఒక్కొక్కరూ లేస్తున్నారు. నేను తెర వైపు చూస్తున్నాను. మ్యాపు మీద ఎర్ర చుక్క ఒక్కటే ఉంది. ఆయన దాని దాకా వచ్చారు. పెట్టె తెరుచుకుంది. తమ్ముడి బోటు. అందులో కబురు నాకు కనిపించింది, అదే క్షణంలో ఆయనకి వినిపించింది. బోటు బోల్తా పడింది, మిగతావాళ్లను పక్క బోటు ఎక్కించుకుంది, నాగేశ్వరరావు చనిపోయాడు, తీసుకొస్తున్నారు.

ఏడుకొండలు గారు అదే మీట ఇంకోసారి నొక్కారు. విన్నారు. తర్వాత కింది మీట నొక్కి మిగిలిన బోట్లన్నీ చదివించుకుని, ఎవరి కబురు వాళ్లకి చెప్పారు. గొంతు మారలేదు. ఎలా మారలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"మనదేం చెప్పింది బావగారూ?" అంది తిరుపతమ్మ.

ఆయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. "నాకు ఒంట్లో బాలేదమ్మాయ్. కళ్లు తిరుగుతున్నయ్యి. ఇంటికి తీసుకుపో."

"అయ్యో, టిఫిన్ తినకుండా బిళ్ల వేసుకున్నారా ఏంటి? రండి, రండి. మేడంగారూ, మనది వస్తే కాస్త చూసి చెప్తారా?"

నేను నోరు తెరిచేలోగా ఆయన అన్నారు. "మేడంగారు కూడా మనింటికి వస్తారులే. పద."

ఆ దారి నేను మర్చిపోలేను. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశారు. ఆమె గొడుగు మొత్తం ఆయన మీదికి వంచి తను తడుస్తూ నడిచింది. "చెప్తే వినరు. షుగరు మనిషి వేళకి తినాలని డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పారు? మీ తమ్ముడు రానీండి, చెప్తా మీ సంగతి" అని దారి పొడుగునా కోప్పడింది. ఆయన "సరేలేమ్మా, సరేలే" అంటున్నారు. నేను వెనక ఏడుస్తూ నడిచాను. వాన కాబట్టి సరిపోయింది.

ఇంట్లో ఆయన కూర్చోలేదు. ముందు ఆమెని కూర్చోమన్నారు. ఎదురింటి పెద్దామెని పిలిపించారు. తిరుపతమ్మ చేత మంచినీళ్లు తాగించారు. అప్పటికే ఆమెకి అనుమానం వచ్చి ఆయన ముఖంలోకి చూస్తోంది. ఆయన తడుముకుంటూ ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. "అమ్మాయ్, మనోడు లేడమ్మా" అన్నారు. అంతవరకూ పట్టిన బిగువంతా అప్పుడు వదిలి, ఆమెతో పాటే నేల మీద కూలబడ్డారు.

పెద్దకర్మ రోజున మళ్లీ వెళ్లాను. వాకిట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏడుకొండలు గారు చెప్పారు. "మా వాళ్లల్లో చావుకబురు రేవులో చెప్పరమ్మా. నీళ్లెదురుగా వింటే ఆడమనిషి నీళ్లకేసి పరిగెడుతుంది. ఇంటికి తీసుకొచ్చి, కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని చెప్పాలి. మా అమ్మకి మా నాన్న కబురు అట్టాగే చెప్పారు." స్పీకరు వద్దన్నది అందుకా అని అడిగాను. అవునన్నట్టు తలూపారు.

ఈ పనిలోకి వచ్చిన దగ్గర్నుంచీ దాగి ఉన్న ప్రతి ఎలిమెంట్నీ పలికించడమే నా ఘనత అనుకునేదాన్ని. ఎంత త్వరగా, ఎంత గట్టిగా పలికితే అంత గొప్ప. ఇప్పుడు ఏ స్క్రిప్టు రాసినా, అది ఎవరి చెవిలో పడుతుంది, పక్కన ఇంకెవరు ఉంటారు అని ముందు అడుగుతాను. అడగనిదే పలక్కుండా ఉండటం కూడా దానికి నేర్పుతాను. ఆసుపత్రి రిపోర్టులు చదివే స్క్రిప్టయినా, పరీక్ష ఫలితాలు చదివే స్క్రిప్టయినా అంతే. ఎదుటివాళ్లు అలా ఎందుకని అడిగితే రేవు సంగతి చెప్తాను.

ఆరోజు నేను బయలుదేరుతుంటే తిరుపతమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఆమెని ఏమని ఓదార్చాలో తెలియక, ఆ స్పీకరు పెట్టి ఉంటే ఎంత ఘోరం జరిగేదో అని ఏదో అనబోయాను. నా మాట పూర్తికాలేదు.

"ఆ మిషను చెప్పుంటే," అంది, "నేను ఎవర్ని పట్టుకుని ఏడ్చేదాన్నండీ?"