ఉతికే బండ

మధులత తల దించుకుని నడుస్తుంది. సిగ్గుతో కాదు, నేలను చూస్తూ. ఆమెది భూగర్భ జలశాఖలో ఉద్యోగం. నెలకోసారి మైదుకూరు చుట్టుపక్కల ఊళ్లలో బోర్లలోకి టేపు వదిలి, నీళ్లెంత లోతున ఉన్నాయో రాసుకుంటుంది. పెన్సిలు ఎప్పుడూ జుట్టు ముడిలోనే ఉంటుంది. దారిలో ఏదైనా రాయి నచ్చితే, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు అరచెయ్యి ఆనించి చూస్తుంది. తొమ్మిదో తరగతిలో భూగోళం టీచరు పిల్లల్ని ఎండిన వంకలోకి తీసుకుపోయి, ఇసుక మీద నీళ్లు వదిలిపోయిన గీతల్ని తాకించింది. ఆ పాఠమే ఆమెను ఈ ఉద్యోగం దాకా నడిపించింది.

మొన్న ఒక ఊళ్లో నీళ్లు ఇంకో మూడు మీటర్లు దిగిపోయాయి. టేపు చుట్టుకుంటుంటే, పక్కనే బట్టలుతుకుతున్న నాగలక్ష్మమ్మ అడిగింది. "యాడికి పోతాండాయి తల్లీ ఈ నీళ్లు?" మధులత కళ్లు ఉతికే బండ మీద ఉన్నాయి. బండ నిండా వరసగా గరుకు గీతలు. వంగి వేళ్లతో తడిమింది.

"ఇవి అలల గుర్తులవ్వా. కోట్ల ఏండ్ల కిందట ఈడ సముద్రముండె. దాని అడుగున ఇసుకే ఇట్ల రాయైపోయింది."

"గరుగ్గా ఉంటే మురికి శానా బాగా పోతాదని ఏసుకున్యాము. నలభై ఏండ్లుగా సముద్రం మీద బట్టలుతుకుతాండానా నేను?"

బకెట్లో రెండు చెంబుల నీళ్లే మిగిలాయి. ముసలామె ఒక చెంబుతో సబ్బు నురగ కడిగేసింది. రెండోది మెల్లగా పోసింది. రాతి అలల మధ్య నీళ్లు నిలిచి మెరిశాయి. అవి ఆరిపోయేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.